పుట్టగానే పరిమళించని పూలు

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. బడిలో చేరిననాటి నుండి ఈ మాట వింటూనే ఉన్నాము. బడిలో పాఠాలు చెప్పవలసి వచ్చిన తరువాత మనమూ అంటూనే ఉన్నాము. మొదటి వరుసలో కూర్చుండి చటుక్కున జవాబు చెప్పిన బాలుని చూచి, పరుగుపందెంలో అందరికంటె ముందు గీత దాటిన బాలికను చూచి, వీరు పైకి వచ్చే పిల్లలని నిర్ణయించుకొంటాము. తక్కిన ముప్పై నలభైమంది గురించి ఈ సామెత ఏమి చెబుతున్నదో ఆలోచించము. వాసన ఆలస్యంగా వచ్చే పూలు కూడ తోటలో ఉంటాయన్న సంగతి మనకు తోచదు.

అమెరికాలో కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలు ఏటా నవంబరులో ఆరంభమై ఏప్రిల్ మొదటి దినాలలో ముగుస్తాయి. ఆరంభానికి ముందు అక్కడి పత్రికలకు ఒక వేడుక ఉన్నది. ఈ యేడు ఎవరూ ఊహించని విధంగా ఏ విద్యార్థి మెరుస్తాడో అవి ముందుగానే చెబుతాయి. ఇందులో ఒక చమత్కారం లేకపోలేదు. ఊహించినదైతే అది ఆశ్చర్యం ఎట్లా అవుతుంది? ఆశ్చర్యమే అయితే ఊహకు ఎట్లా అందింది? అయినా ఆ పని బొత్తిగా వ్యర్థమని త్రోసివేయనక్కరలేదు. వాన ఎన్నడు వస్తుందో చెప్పలేని మన రైతు కూడ కార్తెలు లెక్కపెట్టుకొని దుక్కి సిద్ధం చేసుకొంటాడు. లెక్క తప్పవచ్చును, దుక్కి మాత్రం మిగులుతుంది. కర్నూలు, కడప జిల్లాల కళాశాలలలో నేడు చదువుకొంటున్న పిల్లలలో రేపు దేశాన్ని ఆశ్చర్యపరచగలవారు ఎవరన్న ప్రశ్నను ఈ దృష్టితోనే పరిశీలింపదలచాను.

ఎత్తు చూచి వేసిన అంచనా

బాస్కెట్‌బాల్ ఆటలో బంతి పడవలసిన వలయం నేలకు పది అడుగుల ఎత్తున ఉంటుంది. కనుక ఆటగానిలో మొదట కంటికి ఆనేది ఎత్తు. 1978లో అమెరికాలోని విల్మింగ్టన్ పట్టణంలో, లేనీ ఉన్నత పాఠశాలలో పదవ తరగతి చదువుతున్న ఒక బాలుడు బడి ప్రధాన జట్టులో చోటు ఆశించాడు. అతని ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు. ఆ చోటు అతనికి దక్కలేదు. అతని తోటి విద్యార్థి లెరాయ్ స్మిత్ ఆరడుగుల ఏడంగుళాల పొడగరి కావడంచేత అతనికి దక్కింది. మొదటి బాలుని చిన్నవారి జట్టులో ఆడుకొమ్మన్నారు. ఆ బాలుని పేరు మైకేల్ జోర్డన్. నాలుగేండ్లు తిరగకుండానే, 1982లో, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరపు విద్యార్థిగా, దేశపు కళాశాలల తుదిపోటీలో జట్టును గెలిపించిన బంతిని వలయంలో వేసినవాడు అతడే.

దీనికి ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. పంజాబులోని బల్లో కే అనే పల్లెలో పుట్టిన సత్నాం సింగ్ ఏడడుగుల రెండంగుళాల మనిషి. అతని పొడవు చూచి పెద్దలు చిన్ననాడే ఆశలు పెంచుకొన్నారు. పధ్నాలుగవ యేట శిక్షణ కోసం అమెరికా పంపారు. 2015లో డల్లాస్ జట్టు అతనిని ఎన్నుకొన్నది. ఆ దేశపు మహాసంఘపు ఎంపికలో పేరు వినిపించిన మొదటి భారతీయుడతడే. కాని ఆ సంఘపు పోటీలలో ఒక్క ఆటలోనైనా అతడు బరిలో దిగలేదు. ఇందులో అతనిని తప్పుపట్టవలసినది ఏమీ లేదు. లోకం చూచినది అతని ఎత్తును. ఆటకు కావలసినవి ఇంకా ఎన్నో ఉన్నవి.

మూడవ ఉదాహరణ స్టీఫెన్ కరీ. తండ్రి పేరుమోసిన ఆటగాడే అయినా, కుమారుడు సన్నగా, పొట్టిగా ఉన్నాడని పెద్ద కళాశాలలు ఆదరించలేదు. రెండువేలమంది విద్యార్థులైనా లేని డేవిడ్‌సన్ కళాశాలలో చేరాడు. 2008 జాతీయ పోటీలలో ఆ చిన్న కళాశాల తనకంటె ఎంతో పెద్దవాటిని మూడింటిని వరుసగా ఓడించి, చివరకు ఆ యేటి విజేత కాన్సాస్ చేతిలో రెండే రెండు పాయింట్ల తేడాతో నిలిచిపోయినది. తరువాతి కాలంలో దూరంనుంచి బంతి వేయడంలో అతడు ఆట తీరునే మార్చివేశాడు.

ఈ మూడు కథలలో ఒక సామాన్య సూత్రమున్నది. అంచనా వేసేవారు కొలతకు అందేదానిని చూస్తారు. ఎత్తు కొలబద్దకు అందుతుంది, పరుగు గడియారానికి అందుతుంది. పట్టుదల, మారగల నేర్పు, ఓటమిని జీర్ణించుకొనే శక్తి ఏ కొలతకూ అందవు. అందుచేతనే అవి బయటపడిన నాడు మనకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆశ్చర్యమన్నది చాలావరకు చూచేవాని లోపమే.

ఎర్రమల్లె నుండి ముంబయి దాకా

ఇక మన గడ్డకు వద్దాము. మన సీమలో ఈ ప్రశ్నకు గట్టి సమాధానం బాస్కెట్‌బాల్ నుండి గాక క్రికెట్ నుండి వచ్చినది. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలంలో ఎర్రమల్లె అనే పల్లె ఉన్నది. 2004లో పుట్టిన నల్లపురెడ్డి శ్రీచరణిది ఆ ఊరు. తండ్రి రాయలసీమ తాప విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. ఆమె పసినాటినుండి క్రికెట్ బంతి పట్టుకొని పెరిగిన పిల్ల కాదు. బడిలో బాడ్మింటన్, పరుగు మొదలైన ఇతర క్రీడలు ఆడినది. క్రికెట్‌ను గట్టిగా పట్టుకొన్నది పదహారేండ్ల ప్రాయంలో. మొదట వేగంగా బంతి వేసేదట. అది కలిసిరాకపోగా స్పిన్‌కు మారినది.

2024 డిసెంబరులో జరిగిన మహిళల లీగు వేలంలో డిల్లీ జట్టు ఆమెను 55 లక్షల రూపాయలకు తీసుకొన్నది. ఆనాడు మన జిల్లాలలోనే చాలామందికి ఆమె పేరు తెలియదు. 2025 జూన్ 28న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో, భారతదేశం తరఫున ఆడిన తొలి ఇరవై ఓవర్ల ఆటలోనే పన్నెండు పరుగులిచ్చి నాలుగు వికెట్లు కూల్చినది. అదే యేడు స్వదేశంలో జరిగిన ప్రపంచకప్ పోటీలలో 14 వికెట్లు తీసి, మన జట్టులో దీప్తిశర్మ తరువాతి స్థానం పొందినది. నవంబరు 2న నవీ ముంబయిలో భారత మహిళలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి మొట్టమొదటిసారిగా ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఎర్రమల్లె పిల్ల ఉన్నది. ఆ నెలాఖరున జరిగిన వేలంలో ఆమె విలువ ఒక కోటి 30 లక్షలకు పెరిగినది.

ఆ తుదిపోటీలోనే మరొక వింత జరిగినది. 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసిన షఫాలీ వర్మ మొదట ప్రకటించిన జట్టులో లేనే లేదు. ప్రతీకా రావల్ గాయపడినందున చివరి దినాలలో పిలువబడినది. ఎంపికచేసే పెద్దలు కూడ ముందుగా చూడలేని సంగతులు ఇట్లా ఉంటాయి.

శ్రీచరణికి ముందు దారి త్రొక్కినవారూ ఉన్నారు. కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాపై భారతజట్టులో ఆడినది. 2023 తొలి లీగు వేలంలో ఆమె ధర కూడ సరిగా 55 లక్షలే. ఆ యేడు ఆసియా క్రీడలకు ఎంపిక అయినది గాని, మోకాలి గాయం అడ్డుపడినది. అదే ధర, అదే సీమ. కాని ఒకరిని దేహం ముందుకు పోనిచ్చినది, మరొకరిని ఆపినది. అనంతపురం జిల్లానుండి వచ్చిన బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్‌పై తొలి అంతర్జాతీయ ఆట ఆడినది.

ఈ ముగ్గురిలో ఒక పోలిక ఉన్నది. ముగ్గురూ ఎడమచేతితో బంతి వేసేవారే. ఎడమచేతివారు తక్కువ కనుక, వారి బంతి వచ్చే కోణానికి బ్యాటు పట్టినవారు అంతగా అలవాటుపడి ఉండరు. ఇది ఆటలో గొప్ప లాభం. మన ఇండ్లలోనో, పుర్రచేతి పిల్లను చూస్తే మందలింపే. బలపం కుడిచేతికి మార్పించడం, అన్నం కుడిచేతనే తినమని గద్దించడం ఇంకా వినబడుతూనే ఉన్నవి. ఒక తరం పెద్దలు దిద్దవలసిన లోపమనుకొన్నది మరొకచోట వరమైనది. మనం లోపమనుకొంటున్నవాటిలో ఇంకెన్ని వరాలున్నాయో ఎవరు చెప్పగలరు?

శాస్త్రజ్ఞులు కనుగొన్నది

శ్రీచరణి కథ ఒక్కతెకే చెల్లిన అదృష్టమని ఎవరైనా అనవచ్చును. అట్లా అనడానికి వీలులేదని పరిశోధనలు తెలుపుతున్నవి. 2021లో జర్మనీ దేశపు ఆర్నె గ్యూలిష్, అమెరికాలోని అతని సహాధ్యయనకారులు కలిసి, ఆరువేలమందికి పైగా క్రీడాకారులపై అంతవరకు జరిగిన 51 పరిశీలనలను ఒకచోట చేర్చి తరచి చూచారు. వారికి తేలిన సంగతి ఇది: ప్రపంచస్థాయికి ఎదిగినవారు జాతీయస్థాయిలో నిలిచిపోయినవారితో పోల్చితే, చిన్నతనంలో ఎక్కువ రకాల ఆటలు ఆడారు, తమ ముఖ్యమైన ఆటను ఆలస్యంగా మొదలుపెట్టారు, తొలినాళ్లలో నెమ్మదిగా ఎదిగారు. పసితనంలోనే ఒకే ఆటకు కట్టుబడి పతకాలు గెలిచినవారిలో పలువురు ఆ దశలోనే ఆగిపోయారు. బాలల పోటీలో విజయం, పెద్దల పోటీలో విజయం ఒకే దారిలోని రెండు మజిలీలు కావన్నమాట.

మరొక సంగతి ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోదగినది. 1985లో కెనడా దేశంలో రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఐస్ హాకీ ఆడే యువకుల పుట్టిన తేదీలను పరిశీలించాడు. జట్టులకు ఎంపిక అయినవారిలో యేడాది తొలి మాసాలలో పుట్టినవారు మెండు, చివరి మాసాలవారు అరుదు. అక్కడ వయసు లెక్క జనవరి ఒకటినుండి కట్టేవారు. పదేండ్ల పిల్లలలో పదకొండు మాసాల పెద్దరికమంటే దేహబలంలో ఎంతో తేడా. ఆ తేడాను పెద్దలు ప్రతిభ అని భ్రమించారు. పెద్దవానికి మంచి శిక్షణ దొరికినది. చిన్నవాడు ఇంటికి పోయాడు. కొన్నేండ్లకు ఆ భ్రమే నిజమై కూర్చున్నది.

మన బడులలో ఆటలపోటీలకు 14, 17, 19 యేండ్ల లోపు అని విభాగాలు ఉన్నవి. ఆ పైన మనకొక చిక్కు అదనం. పల్లెలలో వెనుకటి తరాలకు పుట్టిన తేదీ అంటే, బడిలో చేర్చిననాడు అయ్యవారు అంచనాగా వ్రాసుకొన్న తేదీయే. పట్టికలో సమవయస్కులైనవారు నిజానికి సమవయస్కులు కాకపోవచ్చును. కనుక నేడు వెనుకబడిన పిల్ల రెండేండ్ల తరువాత ఎక్కడ ఉంటుందో చూడకుండా తీర్పు చెప్పరాదు.

కడపలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉన్నది. నాల్గవ తరగతిలో చేర్చుకొనేటప్పుడు పిల్లలకు పరుగు, దూకుడు మొదలైన పరీక్షలు పెడతారు. అటువంటి పాఠశాల ఉండవలసినదే. వసతి, భోజనం, శిక్షణ దొరికిన పేదపిల్లలకు అది పెద్ద ఆధారం. కాని తొమ్మిదేండ్ల వయసున పెట్టిన పరీక్ష తొమ్మిదేండ్ల వయసును గురించే ఎక్కువ చెబుతుంది. ఆ ద్వారం మూసిన తరువాత వచ్చేవారికి మరొక ద్వారం ఉండాలి. అది ఊరి ఉన్నత పాఠశాల, దాని తరువాత జూనియర్ కళాశాల.

పదహారవ యేట మూతపడే మైదానం

చిక్కు అంతా ఇక్కడనే ఉన్నది. శ్రీచరణి క్రికెట్‌ను గట్టిగా పట్టుకొన్న పదహారవ యేడే మన పిల్లలలో అత్యధికులకు ఆట ముగిసే యేడు. పదవ తరగతిలో వ్యాయామపు పీరియడును లెక్కల అయ్యవారు అడిగి పుచ్చుకొంటారు, అడిగించుకొన్నవారు కాదనలేరు. ఇంటర్మీడియట్‌లో అడిగే అవసరమే ఉండదు, ఆ పీరియడే చాలాచోట్ల కనబడదు. ప్రవేశపరీక్షల తర్ఫీదు తెల్లవారకముందే మొదలై రాత్రి పొద్దుపోయేవరకు సాగే వసతిగృహాలు ఎన్నో ఉన్నవి. వాటిలో కొన్నింటికి చెప్పుకోదగిన మైదానమే లేదు. ఆడపిల్లల సంగతి చెప్పనక్కరలేదు. సాయంత్రం ఆట ముగిసేసరికి పల్లెకు పోయే ఆఖరు బస్సు వెళ్లిపోతుందేమోనన్న దిగులు ఒక్కటి చాలు.

తల్లిదండ్రులను తూలనాడడం సులభం, కాని న్యాయం కాదు. నాలుగేండ్లకు రెండు పంటలు ఎండిపోయే మెట్టభూమిలో బ్రతికిన కుటుంబానికి చదువు ఒక్కటే నమ్మకమైన చెరువు. ఆ చెరువు గట్టు తెంచుకొని ఆటవైపు పొమ్మని ఎవరు చెప్పగలరు? ఆడినవారందరూ శ్రీచరణులు కారు. నూటికి తొంభైతొమ్మిదిమంది కారు అన్నా అతిశయోక్తి కాదు. కాని మనం అడుగుతున్నది చదువు మానుమని కాదు, దినానికి ఒక్క గంట మైదానం తెరిచి ఉంచుమని. ఆ గంటవలన చదువు చెడిపోతుందన్న భయం ఎంతగా ప్రచారంలో ఉన్నదో, అందుకు సాక్ష్యం అంత తక్కువ.

ప్రపంచకప్ గెలిచిన తరువాత రాష్ట్ర ప్రభుత్వం శ్రీచరణికి రెండున్నర కోట్ల రూపాయలు, కడపలో ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించినది. 2024లో ఆమోదించిన క్రీడావిధానంలో ఉద్యోగాలలో క్రీడాకారుల వాటాను 2 శాతంనుండి 3 శాతానికి పెంచారు. ఇవన్నీ హర్షింపదగినవే. అయితే ఇవి పంట ఇంటికి వచ్చిన తరువాతి సన్మానాలు. విత్తిన నలభై దినాలకు ఒక తడి అందకపోతే ఎండిపోయిన పైరుకు ఏ సన్మానమూ అక్కరకు రాదు. వ్యాయామోపాధ్యాయుని ఖాళీ నింపడం, కళాశాలలోని బాస్కెట్‌బాల్ కోర్టులో పగిలిన సిమెంటు పూయించడం, అమ్మాయిలు దుస్తులు మార్చుకొనడానికి ఒక గది, ఆట ముగిసిన తరువాత ఒక బస్సు – ఆ ఒక తడి అంటే ఇవే.

పేర్లు కాదు, గుర్తులు

ఇప్పుడు జోస్యం చెప్పవలసిన ఘట్టం వచ్చినది. నేను పేర్లు చెప్పను. చెప్పదగినవి గుర్తులు మాత్రమే.

మొదటి గుర్తు, నేటి స్థాయి కాదు, ఎదుగుదల వేగం. జూన్‌లో పది బంతులలో రెండు వలయంలో వేసి, డిసెంబరుకు అయిదు వేసే బాలికను, రెండు మాసాలలోనూ ఆరు వేసే బాలికకంటె జాగ్రత్తగా చూడాలి. ఈ తేడా తెలియడానికి ఉపాధ్యాయుని చేతిలో ఒక నోటుపుస్తకం చాలు.

రెండవది, పలు ఆటలు ఆడినవారు. ఖోఖోలో తప్పించుకొనే ఒడుపు బాస్కెట్‌బాల్ కోర్టులో పనికి వస్తుంది. కబడ్డీలో ఎదుటివాని చూపు కనిపెట్టినవాడు ఏ ఆటలోనైనా ఒక క్షణం ముందుంటాడు.

మూడవది, ఒక పని కలిసిరాకపోతే కుంగిపోక మరొక పని నేర్చుకొనేవారు. వేగంగా వేసే బంతి వదలి స్పిన్ పట్టుకొన్న ఉదాహరణ చెప్పుకొన్నాము. అట్లా మారినవానిని నిలకడలేనివాడని మనం త్రోసివేస్తాము. పరిశీలిస్తే అది నిలకడకు మరొక రూపమని తెలుస్తుంది.

నాలుగవది, జట్టులో చోటు దొరకనినాడు కూడ మైదానానికి వచ్చేవారు. అదనపు ఆటగాళ్ల బల్లమీద కూర్చున్నవాడు ఆటను చూస్తున్నాడా, ఆకాశాన్ని చూస్తున్నాడా అని గమనించాలి.

అయిదవది, తక్కినవారివలె లేనివారు. పుర్రచేతివారు, వింతగా పరుగెత్తేవారు, బంతిని పుస్తకంలో చెప్పిన తీరున పట్టనివారు. దిద్దడానికి ముందు, ఆ వింతలో ఏమైనా ప్రయోజనమున్నదా అని ఒక్క వారం ఆగి చూడడం మంచిది.

ఈ గుర్తులున్నవారందరూ గెలుస్తారని నేను చెప్పడం లేదు. గాయాలున్నవి, ఇంటి కష్టాలున్నవి, ఎంపికలోని పక్షపాతాలున్నవి. గెలవనివారికి సైతం ఆ గంట ఊరికే పోదు. ఓడి మరునాడు మరల వచ్చే అలవాటు పరీక్షలోనూ, పొలంలోనూ, ఉద్యోగంలోనూ పనికి వస్తుంది.

మన మెట్టచేలలో పండే చెనిక్కాయను చూచిన పిల్లలకు ఈ మాట సులభంగా తెలుస్తుంది. పసుపుపచ్చని పువ్వు పైన పూస్తుంది. దానికి చెప్పుకోదగిన వాసన లేదు. పువ్వు రాలిన తరువాత ఊడ నేలలోనికి దిగుతుంది, కాయ కంటికి కానరానిచోట ఊరుతుంది. పైన చూచి దిగుబడి చెప్పినవాడు మోసపోతాడు. తెలిసిన రైతు అక్కడక్కడ ఒక్కొక్క చెట్టు పీకి చూస్తాడు, ఊడలు దిగేవేళకు నేల గట్టిపడకుండా చూచుకొంటాడు.

బాస్కెట్‌బాల్ ఆట పుట్టుక గురించి ఒక సంగతి చెప్పి ముగిస్తాను. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే యువ వ్యాయామోపాధ్యాయునికి పద్దెనిమిదిమంది విద్యార్థుల తరగతిని అప్పగించారు. అంతకుముందు ఇద్దరు ఉపాధ్యాయులు ఈ తరగతి తమవల్ల కాదని వదలుకొన్నారు. నైస్మిత్ పిల్లలను తప్పుపట్టక, వారికి తగిన ఆట లేదని గ్రహించి, రెండు పండ్లబుట్టలు వ్యాయామశాల బాల్కనీకి కొట్టించి కొత్త ఆట కనిపెట్టాడు. 1920లో మద్రాసులో హ్యారీ బక్ స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల మన ప్రాంతాలకు డ్రిల్లు మాస్టర్లను తయారుచేసి పంపినది ఆ సంప్రదాయం నుండే. ఈ జూన్‌లో బడులు తెరిచినప్పుడు కర్నూలులోనో, కడపలోనో, ఏ మారుమూల మండలంలోనో ఒక ఉపాధ్యాయుడు వ్యాయామపు పీరియడును ఎవరికీ ఇవ్వక తానే ఉంచుకొని, ఒక నోటుపుస్తకంతో మైదానంలో నిలుచుంటే, పైన అడిగిన ప్రశ్నకు సమాధానం ఆ పుస్తకంలో దొరకవచ్చును.